సీలు పడిన కేసు ఎవరికి కనపడదు, ఎవరికి కనపడుతుంది

(న్యూయార్క్‌లో ఉంటున్న తెలుగు విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసలకు వినపడుతోందా? సరే.

ఇవాళ్టి విషయం మన ఇళ్లలో గట్టిగా మాట్లాడుకునేది కాదు. అయినా హాలు నిండిందంటే అడగాల్సినవి చాలామంది దగ్గర ఉన్నాయన్నమాట. ప్రశ్న అడిగేటప్పుడు "మా ఫ్రెండ్ ఒకడున్నాడండీ" అని మొదలుపెట్టండి. ఎవరూ ఏమీ అనుకోరు.

చిన్న నేరం, అంటే మిస్డిమీనర్, ఒకటి రికార్డుకెక్కాక దాన్ని సీలు చేయించుకోవడం ఎలా అన్నది విషయం. నా దగ్గరికి వచ్చేవాళ్లు దాదాపు అందరూ ఒకే మాట అంటారు: "సార్, దీన్ని చెరిపేయించాలి." ఇక్కడే తేడా వస్తుంది. సీలు చేయడం అంటే చెరపడం కాదు. కాగితం కోర్టులోనే ఉంటుంది, దానికి ఒక తెర కడతారు. ఆ తెర ఎవరి వైపు కట్టారు, ఎవరి వైపు తెరిచి ఉంచారు అన్నది చట్టంలో రాసి ఉంటుంది. మీ కంపెనీ హెచ్ఆర్ వైపు కట్టారు, మీ అపార్ట్‌మెంట్ ఓనర్ వైపు కట్టారు. వీసా ఆఫీసరు వైపు కట్టలేదు. ఈ ఒక్క ముక్క ముందే తెలిసుంటే సగం మంది తమ కేసు వేరేగా నడుపుకునేవారు.

ముందు మెట్లు తెలుసుకుందాం. న్యూయార్క్‌లో కింది మెట్టు వయొలేషన్. దానికి గరిష్ఠంగా 15 రోజుల జైలు. రాష్ట్ర చట్టం దాన్ని క్రైమ్‌గా లెక్కపెట్టదు. దానిపైన మిస్డిమీనర్. క్లాస్ ఏ మిస్డిమీనర్‌కి గరిష్ఠం 364 రోజులు. ఏడాదికి మించి శిక్ష వేయగలిగినవి ఫెలనీలు. 364 అనే విచిత్రమైన అంకె ఎందుకో తర్వాత చెబుతాను. అది ఊరికే పెట్టింది కాదు.

మన వాళ్ల కేసుల్లో నేను ఎక్కువగా చూసేవి రెండు రకాలు. ఒకటి దుకాణంలో దొంగతనం, రెండోది తాగి బండి నడపడం. దొంగతనం అనగానే మీరు ముఖాలు చిట్లిస్తున్నారు. సెల్ఫ్ చెక్‌అవుట్ దగ్గర కొత్తిమీర కట్ట స్కాన్ చేసి నెయ్యి డబ్బా స్కాన్ చేయకుండా సంచిలో వేసుకోవడం కూడా చట్టం భాషలో పెటిట్ లార్సెనీయే, పీనల్ లా 155.25. సరుకు విలువ వెయ్యి డాలర్లు దాటితే గ్రాండ్ లార్సెనీ, అంటే ఫెలనీ. సరుకు తిరిగి ఇచ్చేశాను, అక్కడికక్కడే డబ్బు కడతానన్నాను అంటే నేరం మాసిపోదు. కొన్నాళ్లకు దుకాణం తరఫు లాయర్ల నుంచి పోస్టులో ఒక ఉత్తరం వస్తుంది, ఇంత కట్టమని. న్యూయార్క్ చట్టం ప్రకారం అందులో పెనాల్టీ భాగం 500 డాలర్లు మించకూడదు. చాలామంది అది కట్టేసి కేసు అయిపోయిందనుకుంటారు. అది సివిల్ లెక్క. క్రిమినల్ కేసు కాగితం మీద చూడండి, "ది పీపుల్ ఆఫ్ ది స్టేట్ ఆఫ్ న్యూయార్క్" అని ఉంటుంది. ఫిర్యాది ప్రభుత్వం, దుకాణం కాదు. మన ఊళ్లో లోక్ అదాలత్‌లో రాజీ పడి కేసు కొట్టేయించుకున్నట్టు ఇక్కడ దుకాణం మేనేజరుతో రాజీ పడితే కుదరదు. ఇంకో సంగతి: దుకాణం వెనక గదిలో కూర్చోబెట్టి "తప్పు ఒప్పుకుంటున్నాను" అని రాసి సంతకం పెట్టమంటారు. పెట్టకండి. పేరు చెప్పండి, గుర్తింపు కార్డు చూపించండి, అక్కడితో ఆగండి. శిక్ష పడకపోయినా, నేరం చేశానని ఒప్పుకోవడమే ఇమిగ్రేషన్ చట్టంలో ఒక్కోసారి చాలు.

పోలీసులు చాలాసార్లు చేతికి ఒక చీటీ ఇచ్చి పంపిస్తారు. డెస్క్ అప్పియరెన్స్ టికెట్ అంటారు. ఫలానా తేదీన కోర్టుకు రమ్మని ఉంటుంది. టికెట్ అనే మాట విని ఇది పార్కింగ్ టికెట్ లాంటిదనుకున్న పిల్లల్ని చూశాను. కాదు, ఇది అరెస్టే. స్టేషన్‌లో వేలిముద్రలు తీసుకున్న క్షణం అవి రాష్ట్రం నుంచి ఎఫ్‌బీఐకి, అక్కడి నుంచి హోమ్‌లాండ్ సెక్యూరిటీ చూసే చోటికి చేరతాయి. ఆ తేదీకి వెళ్లకపోతే వారెంట్ పుడుతుంది. చదువు అయిపోయింది కదా అని ఇండియా వెళ్లిపోయినా వారెంట్ వెళ్లదు. పదేళ్ల తర్వాత హైదరాబాద్ కాన్సులేట్‌లో వీసా స్టాంపింగ్‌కి నిలబడ్డప్పుడు ఎదురొస్తుంది.

ఇక కేసు ఎలా ముగుస్తుందో చూద్దాం. ఎందుకంటే సీలు ఏ రకం అన్నది ముగింపును బట్టి ఉంటుంది.

అన్నిటికంటే మేలైనది కేసు కొట్టివేత. దానికి దగ్గరి దారి ఏసీడీ, అంటే అడ్జర్న్‌మెంట్ ఇన్ కాంటెంప్లేషన్ ఆఫ్ డిస్మిసల్. క్రిమినల్ ప్రొసీజర్ లా సెక్షన్ 170.55. ఇకపై నేను చెప్పే 160, 440 అంకెలూ ఆ చట్టంలోవే. మీరు తప్పు ఒప్పుకోనక్కర్లేదు. కేసును మామూలుగా ఆరు నెలలు పక్కన పెడతారు, ఆలోపు కొత్త గొడవ ఏదీ లేకపోతే కొట్టేస్తారు. ఒకటి రెండు రోజుల కమ్యూనిటీ సర్వీసో, చిన్న క్లాసో చేయమనొచ్చు. కొట్టేశాక 160.50 కింద దానంతట అదే సీలు అవుతుంది. పోలీసుల దగ్గరున్న ఫొటోలు, వేలిముద్రలు కూడా తీసేయాలి. తప్పు ఒప్పుకోలు లేదు కాబట్టి ఇమిగ్రేషన్ చట్టం కూడా దీన్ని కన్విక్షన్, అంటే నేర నిర్ధారణ, అనదు. మొదటిసారి చిన్న దొంగతనం కేసు వచ్చిన విద్యార్థికి లాయరు మొట్టమొదట అడగాల్సింది ఇదే. డీఏ, అంటే ప్రభుత్వం తరఫున కేసు నడిపే డిస్ట్రిక్ట్ అటార్నీ, ఆఫీసు ఒప్పుకోవాలి, అన్ని కౌంటీలూ ఒకేలా ఒప్పుకోవు. కానీ అడగకుండా ఇవ్వరు. ఒక జాగ్రత్త: ఆ ఆరు నెలలూ కేసు నడుస్తున్నట్టే లెక్క. ఆన్‌లైన్ కోర్టు రికార్డులో కనపడుతుంది. ఆ మధ్యలో గ్రీన్ కార్డు ఇంటర్వ్యూ పెట్టుకోవద్దు, ఇండియా ప్రయాణం పెట్టుకోవద్దు.

దాని కిందిది వయొలేషన్‌కి దిగడం. సాధారణంగా డిజార్డర్లీ కాండక్ట్, అంటే బహిరంగంగా గొడవ చేయడం, పీనల్ లా 240.20. ఇది 160.55 కింద సీలు అవుతుంది కానీ సగం సీలే. పోలీసు, డీఏ దగ్గరున్న కాగితాలు మూస్తారు. కోర్టు ఫైలు మూయరు. "సీలు అయింది అన్నారుగా సార్, బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో ఎలా వచ్చింది" అని అడిగేవాళ్లలో చాలామందిది ఈ రకమే.

ఇందులోనే ఇంకో మెలిక ఉంది. కొన్ని కోర్టుల్లో ముందు మిస్డిమీనర్‌కి గిల్టీ అని చెప్పించి, ప్రోగ్రాం పూర్తి చేస్తే తర్వాత దాన్ని వెనక్కి తీసుకుని వయొలేషన్ చేస్తామంటారు. ఇక్కడే పుట్టిన కుర్రాడికి ఇది మంచి బేరం. ఎఫ్-1 మీదో హెచ్-1బీ మీదో ఉన్నవాళ్లకు ప్రమాదం. ఎందుకంటే 1996లో కాంగ్రెస్ ఇమిగ్రేషన్ చట్టంలో కన్విక్షన్ అనే మాటకు సొంత అర్థం రాసుకుంది. మీరు గిల్టీ అని ఒప్పుకుని, జడ్జి ఏదో ఒక రకమైన శిక్షో ఆంక్షో వేస్తే చాలు. రాష్ట్రం తర్వాత దాన్ని కొట్టేసినా, మూసేసినా, పేరు మార్చినా ఫెడరల్ వాళ్లకు అది కన్విక్షనే. 1999లో ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు రోల్డన్ కేసులో ఇదే మాట తేల్చి చెప్పింది. డల్లాస్, హ్యూస్టన్ వైపు బంధువులుంటే వాళ్లకూ చెప్పండి. టెక్సస్‌లో డిఫర్డ్ అడ్జుడికేషన్ అని ఉంటుంది, అంటే తీర్పు చెప్పకుండా వాయిదా వేసి మనిషిని పర్యవేక్షణలో ఉంచడం. అక్కడి లాయరు "ఇది కన్విక్షన్ కాదు, తర్వాత రికార్డు బయటపెట్టకూడదనే నాన్‌డిస్‌క్లోజర్ ఆర్డరుతో మూసేయొచ్చు" అంటాడు. టెక్సస్ చట్టం వరకు అతను చెప్పింది అక్షరాలా నిజం. అతని క్లయింటు వీసా మీద ఉన్నాడన్నది అతనికి గుర్తుండకపోతే మాత్రం ఆ నిజం ఎందుకూ పనికిరాదు.

మూడోది మిస్డిమీనర్ కన్విక్షన్ పడిపోవడం. మీరు అడగబోయే సీలింగ్ అంతా దీని గురించే. న్యూయార్క్‌లో దీనికి రెండు దారులున్నాయి.

పాత దారి 160.59. 2017 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. దీనికి మనమే దరఖాస్తు పెట్టుకోవాలి. శిక్ష వేసిన రోజు నుంచి, జైల్లో ఉండి ఉంటే విడుదలైన రోజు నుంచి పదేళ్లు గడవాలి. జీవితం మొత్తం మీద కన్విక్షన్లు రెండుకు మించకూడదు, అందులో ఫెలనీ ఒకటికి మించకూడదు. ప్రస్తుతం ఏ కేసూ నడుస్తూ ఉండకూడదు. లైంగిక నేరాలు, హింసాత్మక ఫెలనీలు దీని కిందికి రావు. తాగి నడిపిన మిస్డిమీనర్ వస్తుంది.

పని ఇలా సాగుతుంది. ముందు మీకు శిక్ష పడిన కోర్టు క్లర్కు దగ్గర సర్టిఫికెట్ ఆఫ్ డిస్పొజిషన్, అంటే కేసు ఎలా ముగిసిందో చెప్పే పత్రం, తెచ్చుకోవాలి, ప్రతి కన్విక్షన్‌కీ ఒకటి. న్యూయార్క్ నగరంలో పది డాలర్లు, బయట ఐదు. కోర్టుల వెబ్‌సైట్‌లో సీలింగ్ దరఖాస్తు ఫారం ఉంది, దాంతోపాటే ప్రమాణ పత్రం. నోటరీ ముందు సంతకం పెట్టాలి. మంచి నడవడికకు ఆధారాలు జతచేయాలి: డిగ్రీ, ఉద్యోగం ఉత్తరం, ట్యాక్స్ కాగితాలు, చేసిన క్లాసుల సర్టిఫికెట్లు. ఒక కాపీ ఆ కౌంటీ డీఏకి పంపాలి. పంపినట్టు అఫిడవిట్ ఆఫ్ సర్వీస్ రాయించి, అసలు దరఖాస్తుతో కలిపి కోర్టులో వేయాలి. రెండు కన్విక్షన్లుంటే పెద్ద నేరం ఎక్కడ తీర్పయిందో ఆ కోర్టులో, రెండూ ఒకే స్థాయివైతే చివరిది తీర్పయిన కోర్టులో. కోర్టు ఫీజు లేదు. డీఏకి 45 రోజుల గడువు. అభ్యంతరం చెబితే విచారణ జరగాల్సిందే. చెప్పకపోతే జడ్జి కాగితాలు చూసే తేల్చవచ్చు.

ఎక్కడ చెడుతుందంటే, మొదటిది ఆ అఫిడవిట్ ఆఫ్ సర్వీస్ మరిచిపోవడం. డీఏకి కాపీ పంపించారు, పంపినట్టు రుజువు పెట్టలేదు, ఫైలు కదలదు. రెండోది, ప్రమాణ పత్రంలో "నేను ఏ తప్పూ చేయలేదు, పోలీసులు అన్యాయంగా ఇరికించారు" అని మూడు పేజీలు రాయడం. పదేళ్ల కిందట మీరే గిల్టీ అన్నారు కదా. జడ్జి చూసేది ఎంత కాలమైంది, నేరం ఎంత తీవ్రమైంది, ఆ తర్వాత మీరెలా బతికారు, సీలు చేస్తే మీ బతుకుకు ఏం మేలు అన్నవి. ఏ ఉద్యోగం, ఏ లైసెన్సు, ఏ ఇల్లు దీనివల్ల ఆగిందో రాయండి. మూడోది మన పేర్లు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక చోట, అసలు పేరు ఇంకో చోట. పోలీసు కంప్యూటర్లో ఎక్కించినవాడు రెండూ తారుమారు చేశాడు. యూనివర్సిటీలో ఇంకోలా ఉంది. పేరుతో వెతికితే మీ కేసు మీకే దొరకదు, లేదా సగమే దొరుకుతుంది. అందుకే పేరు నమ్ముకోకుండా వేలిముద్రలతో వెతికించుకోవాలి. రాష్ట్రంలో నేర రికార్డులు ఉంచే డీసీజేఎస్ అనే శాఖ దగ్గర మీ సొంత రికార్డు అడగవచ్చు. ఎఫ్‌బీఐ దగ్గర 18 డాలర్లకు ఇస్తారు. దరఖాస్తు వేసే ముందు ఈ రెండూ చేతిలో ఉండాలి. మీరు మరిచిపోయిన పాత కేసు ఒకటి అందులో బయటపడితే రెండు కన్విక్షన్ల లెక్కే మారిపోతుంది.

కొత్త దారి క్లీన్ స్లేట్ చట్టం, సెక్షన్ 160.57. 2023 నవంబరు 16న గవర్నరు సంతకం పెట్టారు, సరిగ్గా ఏడాదికి అమల్లోకి వచ్చింది. ఇందులో దరఖాస్తు లేదు. మిస్డిమీనర్ అయితే శిక్ష పడిన నాటి నుంచి, జైలుకు వెళ్తే విడుదల నుంచి మూడేళ్లకు, ఫెలనీ అయితే ఎనిమిదేళ్లకు దానంతట అదే సీలు కావాలి. మధ్యలో కొత్త కన్విక్షన్ పడితే గడియారం మళ్లీ మొదటికి వస్తుంది. ప్రొబేషన్‌లో ఉంటే, కేసు పెండింగ్‌లో ఉంటే ఆగుతుంది. వేరే రాష్ట్రం కేసులు, ఫెడరల్ కేసులు దీనికిందికి రావు. న్యూజెర్సీలో పడిన కేసు న్యూయార్క్ ఎలా మూస్తుంది?

ఇక్కడ ఓపిక కావాలి. పాత రికార్డులన్నీ సీలు చేసే ఏర్పాటు పూర్తి చేయడానికి కోర్టులకు 2027 నవంబరు 16 దాకా గడువిచ్చారు. మూడేళ్లు నిండిన మర్నాడే అన్నీ మాయమవుతాయనుకుని ఉద్యోగానికి దరఖాస్తు పెట్టకండి. రికార్డు తెప్పించుకుని చూసుకోండి. పదేళ్లు ఎప్పుడో నిండిపోయినవాళ్లు కూడా 2027 కోసం కూర్చోనక్కర్లేదు, పాత దారిలో ఇప్పుడే వేయొచ్చు. పైగా పాత సీలే కొంచెం గట్టిది. క్లీన్ స్లేట్ సీలు పడినా పిల్లలతో, వృద్ధులతో పనిచేసే ఉద్యోగాలకు చట్టప్రకారం వేలిముద్రల తనిఖీ చేసేవాళ్లకు రికార్డు తెరుచుకుంటుంది. పోలీసులకు, కోర్టులకు, తుపాకీ లైసెన్సు ఇచ్చేవాళ్లకు ఎలాగూ తెరుచుకుంటుంది. ఊబర్ లాంటి కంపెనీలు చట్టం చెప్పిన తనిఖీ చేసినప్పుడూ అంతే.

సీలు పడ్డాక లాభం ఏమిటంటే, న్యూయార్క్‌లో ప్రైవేటు యజమాని ఆ కేసు గురించి అడగకూడదు, దాన్ని బట్టి మిమ్మల్ని కాదనకూడదు. ఎగ్జిక్యూటివ్ లా 296, సబ్ డివిజన్ 16. అడిగినా మీరు లేదనే చెప్పొచ్చు, అది అబద్ధం కిందికి రాదు. అయినా ప్రైవేటు బ్యాక్‌గ్రౌండ్ చెక్ కంపెనీలు ఎప్పుడో టోకున కొనిపెట్టుకున్న పాత డేటా అమ్ముతూనే ఉంటాయి. సీలైన కేసు అందులో తేలితే కంగారు పడకండి. ఫెడరల్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం ప్రకారం, మిమ్మల్ని కాదనే ముందు యజమాని ఆ రిపోర్టు కాపీ మీ చేతికి ఇవ్వాలి. న్యూయార్క్ నగరంలో అయితే మీరు జవాబు చెప్పుకోవడానికి కనీసం ఐదు పనిదినాలు ఆగాలి. ఆ కంపెనీకి సీలింగ్ ఆర్డరు జతచేసి రాతపూర్వకంగా అభ్యంతరం పంపండి. వాళ్లు మామూలుగా 30 రోజుల్లో విచారించి సరిచేయాలి. ఇందులోనే మన వాళ్లకు ఇంకో తలనొప్పి. రెడ్డి, రావు లాంటి పేర్లతో వేలమంది ఉన్నారు. వేరే వాళ్ల కేసు మీ ఖాతాలో పడిన రిపోర్టులు నేను కళ్లారా చూశాను. అక్కడా మందు ఇదే.

బ్యాంకుల్లో కాంట్రాక్టు మీద పనిచేసే ఐటీ వాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. డిపాజిట్ బీమా చట్టంలో సెక్షన్ 19 అని ఉంది. నిజాయితీ లేని నేరం, అంటే చిన్న దొంగతనం కూడా, ఉన్నవాళ్లను బ్యాంకు పనిలోకి తీసుకోవడానికి అడ్డంకులు పెడుతుంది. శిక్షకు బదులు చేయించే డైవర్షన్ ప్రోగ్రాంలో చేరడాన్ని కూడా అది లెక్కలోకి తీసుకుంటుంది. 2022 డిసెంబరులో దాన్ని సడలించారు. సీలు చేసినవాటిని, బాగా పాతబడినవాటిని చాలావరకు వదిలేశారు. కాబట్టి బ్యాంకు ఉద్యోగం దగ్గర సీలు నిజంగా పనికొస్తుంది.

ఇప్పుడు తెర కట్టని వైపుకు వద్దాం. ఎక్కువసేపు ఇక్కడే ఉంటాను.

వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో ప్రశ్న మీరందరూ చూసే ఉంటారు. ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా, క్షమాభిక్ష లాంటివి దొరికినా సరే చెప్పమంటుంది. పౌరసత్వానికి వేసే ఎన్-400 ఇంకా సూటిగా అడుగుతుంది: రికార్డు సీలు చేసినా, ఎక్స్‌పంజ్ చేసినా, అంటే చెరిపేసినా, మీ దగ్గర ఇక రికార్డు లేదని జడ్జో లాయరో చెప్పినా సరే రాయాలి. అంటే కొట్టేసిన కేసు కూడా "అవును" కిందికే వస్తుంది. ఉద్యోగం ఫారంలో "లేదు", ఇమిగ్రేషన్ ఫారంలో "అవును". రెండూ సరైన జవాబులే.

అబద్ధం చెబితే ఏమవుతుంది? చిన్న దొంగతనం ఒకటి ఉందనుకోండి. ఇమిగ్రేషన్ చట్టంలో అది నైతిక పతనం కిందికొచ్చే నేరం. అయినా పెటీ అఫెన్స్ మినహాయింపు ఉంది. నేరం ఒక్కటే అయి, దానికి గరిష్ఠ శిక్ష ఏడాది మించకుండా, మీకు వేసిన శిక్ష ఆరు నెలలు మించకుండా ఉంటే వీసాకు శాశ్వత అడ్డు కాదు. అదే మనిషి ఫారంలో "లేదు" అని రాసి దొరికిపోతే అది ముఖ్యమైన విషయంలో తప్పుడు సమాచారం. దానికి పెటీ మినహాయింపు లేదు, కాలపరిమితి లేదు, జీవితాంతం ఉంటుంది. వేవర్, అంటే దాన్నుంచి ప్రత్యేక మినహాయింపు, దొరకడం కష్టం. ఇరవై డాలర్ల సరుకుకు వీసా పోయినవాళ్లకంటే, ఆ ఇరవై డాలర్ల గురించి రాయనందుకు పోగొట్టుకున్నవాళ్లను చూస్తే నాకు ఎక్కువ బాధ కలుగుతుంది.

364 సంగతి చెబుతానన్నాను. దేశం నుంచి పంపించే సెక్షన్ వేరు. అడ్మిషన్ పొందిన ఐదేళ్లలోపు నైతిక పతనం నేరం చేసి, దానికి ఏడాది లేదా అంతకు మించి శిక్ష "వేయగలిగితే" చాలు, వేయనక్కర్లేదు. ఒకప్పుడు న్యూయార్క్‌లో క్లాస్ ఏ గరిష్ఠం సరిగ్గా ఏడాది. ఒక్క రోజు జైలుకు వెళ్లకపోయినా గ్రీన్ కార్డు మనిషి ఆ వలలో పడేవాడు. 2019లో ఆ ఒక్క రోజు తగ్గించారు. టెక్సస్‌లో క్లాస్ ఏ ఇప్పటికీ ఏడాదే. అక్కడ దొంగతనం 750 డాలర్లు దాటితే క్లాస్ ఏ అవుతుంది, 100 నుంచి 750 లోపు క్లాస్ బీ, 180 రోజులు. కాబట్టి అక్కడ క్లాస్ బీకి దింపించుకోవడం మీద లాయరు చెమటోడ్చాలి. చట్టం మారకముందే తీర్పయిన కేసులకు ఈ తగ్గింపు వర్తిస్తుందనుకోకండి. కాలిఫోర్నియా ఇలాగే 364 చేసి పాత కేసులకూ వర్తింపజేస్తే, ఇమిగ్రేషన్ బోర్డు 2018లో ఒప్పుకోలేదు.

తాగి నడిపిన కేసు తీరు వేరు. మామూలు డీడబ్ల్యూఐ, అంటే తాగి నడిపిన మిస్డిమీనర్, నైతిక పతనం కిందికి సాధారణంగా రాదు. కానీ 2015 నుంచి, అరెస్టయిన సంగతి తెలిస్తే చాలు, తీర్పు రాకముందే కాన్సులేట్ వీసా రద్దు చేయొచ్చు. ఈమెయిల్ వస్తుంది. గాబరా పడి విమానం ఎక్కకండి. రద్దయింది పాస్‌పోర్టులోని వీసా. లోపల ఉండే హోదా దేశంలోకి వచ్చినప్పుడు ఇచ్చే ప్రవేశ రికార్డు, ఐ-94, మీద ఆధారపడుతుంది. అయితే ఒకసారి బయటికెళితే కొత్త వీసా కావాలి, దానికి కాన్సులేట్ గుర్తించిన ప్యానెల్ డాక్టరు పరీక్ష చేయించుకోవాలి, తాగుడు అలవాటు ఉందా లేదా అని. న్యూయార్క్ వాహనాల శాఖ డీఎంవీ రికార్డు కూడా కోర్టు సీలుతో మాయం కాదు. డీడబ్ల్యూఐ అక్కడ 15 ఏళ్లుంటుంది, కింది స్థాయి డీడబ్ల్యూఏఐ పదేళ్లు. కారు బీమా కంపెనీ చూసేది ఆ డీఎంవీ కాగితాన్నే.

కొట్టేసిన కేసు కూడా కనపడుతుందా అని ఇంకా అనుమానం ఉంటే 2025 ఏప్రిల్ గుర్తుచేసుకోండి. ఫెడరల్ నేర డేటాబేస్‌లో పేర్లు వెతికి, తగిలిన విద్యార్థుల సెవిస్ రికార్డులు, అంటే విదేశీ విద్యార్థుల హోదా నమోదు చేసే ఫెడరల్ రికార్డులు, టోకున ముగించేశారు. అందులో కేసు కొట్టేసినవాళ్లు, అసలు చార్జే పెట్టనివాళ్లు ఉన్నారు. కోర్టుల్లో వరసగా దావాలు పడ్డాక నెలాఖరుకు వెనక్కి తగ్గి పునరుద్ధరిస్తామన్నారు.

అందుకని సీలు పడకముందే చేయాల్సిన పని ఒకటుంది, నేను ప్రతి క్లయింటు చేతా చేయిస్తాను. సర్టిఫికెట్ ఆఫ్ డిస్పొజిషన్ ముద్రతో కనీసం నాలుగు కాపీలు, చార్జి కాగితం, అరెస్టు రిపోర్టు, ప్రోగ్రాం పూర్తిచేసిన రుజువు, జరిమానా రసీదు. ఇవన్నీ ఒక ఫైలు. స్కాన్ చేసి ఇంకో చోట. న్యూయార్క్‌లో సీలు పడ్డాక కూడా మీరే వెళ్లి గుర్తింపు చూపిస్తే తీసుకోవచ్చు, తిరుగుడు ఎక్కువ. టెక్సస్‌లో ఎక్స్‌పంక్షన్ అయితే కాగితాలు ధ్వంసమే అయిపోవచ్చు. ఐదేళ్ల తర్వాత గ్రీన్ కార్డు ఆఫీసరు "కాగితం ఏదీ" అంటే "కోర్టు చింపేసిందండీ" అంటే సరిపోదు. కేసు ఎలా ముగిసిందో నిరూపించుకునే భారం మీదే.

ప్రశ్నలు తీసుకుందాం. అక్కడ, చేయెత్తినవారు.

"మా ఫ్రెండ్" ఆరేళ్ల కిందట లాయరు చెప్పినట్టు గిల్టీ అన్నాడు, ఇమిగ్రేషన్ సంగతి ఎవరూ చెప్పలేదు, ఇప్పుడేం చేయాలి అంటున్నారు. సీలింగ్ అతనికి మందు కాదు. 2010లో సుప్రీంకోర్టు పడిల్లా కేసులో, విదేశీయుడైన క్లయింటుకు దేశం నుంచి పంపించే ప్రమాదం గురించి లాయరు చెప్పి తీరాలంది. చెప్పకపోతే ఆ కన్విక్షన్‌నే రద్దు చేయమని 440.10 కింద మోషన్ వేయొచ్చు. జడ్జి ఆర్డరులో కారణం స్పష్టంగా ఉండాలి: కేసు నడిచిన తీరులో చట్టపరమైన లోపం ఉంది కాబట్టి రద్దు చేస్తున్నాం అని. జాలిపడో, వీసా ఇబ్బంది తీర్చడానికో రద్దు చేసినట్టు కనపడితే ఇమిగ్రేషన్ ఒప్పుకోదు, 2003 నాటి పికరింగ్ కేసులో బోర్డు చెప్పింది అదే. అతన్ని క్రిమినల్ లాయర్నీ, ఇమిగ్రేషన్ లాయర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టమనండి. డబ్బు లేక కోర్టు లాయర్ని ఇచ్చిన కేసుల్లో, ఈ రాష్ట్రంలో రీజనల్ ఇమిగ్రేషన్ అసిస్టెన్స్ సెంటర్లు ఆ లాయరుకు ఉచితంగా సలహా ఇస్తాయి. అది అడగమని లాయరుకు గుర్తు చేయాల్సింది మీరే.

ఇంకొకరు. తొంభై తొమ్మిది డాలర్లకు ఆన్‌లైన్‌లో రికార్డు క్లియర్ చేస్తామంటున్నారు, నమ్మొచ్చా? చాలావరకు మీరు ఉచితంగా దింపుకోగలిగిన ఫారమే నింపి ఇస్తారు. దాన్ని డీఏకి పంపేది, నోటరీ దగ్గరికి వెళ్లేది మళ్లీ మీరే.

చివరిది. డీడబ్ల్యూఐ ఉంది, స్టాంపింగ్‌కి ఇండియా దాకా ఎందుకు, కెనడా వెళ్లొస్తే? కెనడా 2018 డిసెంబరు 18 నుంచి తాగి నడపడానికి గరిష్ఠ శిక్ష పదేళ్లు చేసింది. దాంతో అది వాళ్ల దృష్టిలో తీవ్ర నేరం, ఒక్కటున్నా సరిహద్దులో ఆపేయొచ్చు. ముందుగా టెంపరరీ రెసిడెంట్ పర్మిట్ తీసుకోకుండా వెళితే కాన్సులేట్ దాకా చేరరు. శిక్ష పూర్తయి ఐదేళ్లు దాటితే క్రిమినల్ రీహాబిలిటేషన్‌కి, అంటే ఆ పాత నేరం ప్రవేశానికి ఇక అడ్డు కాకుండా చేయించుకోవడానికి, దరఖాస్తు పెట్టుకోవచ్చు. అపాయింట్‌మెంట్ హైదరాబాద్‌లోనే తీసుకోండి. వెళ్లేటప్పుడు ఆ ఫైలు చెక్-ఇన్ సూట్‌కేసులో వేయకండి, చేతి బ్యాగులో పెట్టుకోండి.